అడిగిన ప్రశ్న ఏమైపోతుంది?
(రావిశాస్త్రి స్మారకోపన్యాసం)



రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు 1922 జూలై 30న ఈ శ్రీకాకుళంలోనే పుట్టారు. విశాఖపట్నంలో ప్లీడరీ చేశారు. ‘ఆరు సారా కథలు’ రాయడానికి ఆయన సరుకు వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. మద్యనిషేధం రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టు వరండాలో నిలబడితే చాలు, పాత్రలన్నీ వాయిదాకి వచ్చేవి. ఆయన కథల గురించి నాకంటే బాగా మాట్లాడేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అందుకని ఆయనకీ నాకూ ఉమ్మడిగా తెలిసిన ఒక చోటు గురించి మాట్లాడతానని నిర్వాహకులకు చెప్పాను. ఆ చోటు సాక్షి బోను.

మన కోర్టుల్లో ఏ క్రిమినలు కేసు కట్టయినా విప్పి, ఏ ప్రాసిక్యూషను సాక్షి వాంగ్మూలమైనా తీసి, ఆఖరి వాక్యం చదవండి. ‘నేను పోలీసుల ప్రోద్బలంతో అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు.’ ఉద్దానం జీడితోటలో కూలికెళ్లే మనిషి వాంగ్మూలమూ ఇలాగే ముగుస్తుంది, బ్యాంకు మేనేజరుదీ ఇలాగే ముగుస్తుంది. ఇంగ్లీషులో రాస్తే ఇంగ్లీషులో, తెలుగులో రాస్తే తెలుగులో, అదే వాక్యం. ఆ వాక్యం సాక్షి నోట్లోంచి వచ్చింది కాదు. డిఫెన్సు వకీలు ‘నువ్వు పోలీసులు చెప్పమన్నట్టు అబద్ధం చెబుతున్నావు’ అన్నాడు. సాక్షి ‘నాకేటి పని బావూ, సూసిందే సెప్పినాను’ అన్నాడు. జడ్జిగారు డిక్టేట్ చేశారు, స్టెనో కొట్టాడు, వకీలు మాటలు సాక్షి మాటలుగా మారి ఫైల్లో చేరాయి.

ఇందులో ఎవరి దొంగతనమూ లేదు. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని మామూలుగా కథనం రూపంలో రాసుకోవాలని చట్టమే చెబుతోంది. పాత క్రిమినలు ప్రొసీజరు కోడ్‌లో 276వ సెక్షను, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 311. అదే సెక్షనులో ఇంకో మాట కూడా ఉంది: జడ్జిగారు తలచుకుంటే అందులో ఏ భాగాన్నైనా ప్రశ్న, జవాబు రూపంలో రాయించవచ్చు. మొదటి మాట ఆనవాయితీ అయింది, రెండో మాట పుస్తకంలో ఉండిపోయింది. దాని పర్యవసానం గురించే ఇవాళ నేను చెప్పదలుచుకున్నది. మన రికార్డులో జవాబు మిగులుతుంది, ప్రశ్న మాయమవుతుంది. ప్రశ్న మాయమైన చోట అడిగినవాడి బాధ్యత కూడా మాయమవుతుంది.

ఒక మామూలు క్రాసు వినండి.

‘ఆవేళ అమావాస్య కదా?’
‘అవును బావూ.’
‘చెరువు గట్టు మీద దీపాలు లేవు కదా?’
‘నేవు.’
‘అయితే చీకటే కదా?’
‘సీకటే.’

రికార్డులో ఇలా పడుతుంది: ‘ఆ రోజు అమావాస్య. చెరువు గట్టు మీద దీపాలు లేవు. చీకటిగా ఉంది.’ నాలుగేళ్ల తర్వాత అమరావతిలో హైకోర్టు న్యాయమూర్తి ఈ మూడు వాక్యాలు చదువుతారు. చదివినప్పుడు సాక్షి తనంతట తాను ఇదంతా ఒప్పుకున్నట్టే ఉంటుంది. కళ్లంలో పెట్రోమాక్సు దీపం వెలుగుతోందన్న సంగతి సాక్షికి తెలుసు, ఊరందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు. క్రాసు అయ్యాక రీ-ఎగ్జామినేషను చేసి ఆ ఒక్క సంగతీ రాబట్టవలసిన ప్రభుత్వ వకీలు, ఏపీపీగారు, అప్పటికి తర్వాతి కేసు కట్ట విప్పుతున్నారు. ఆయన్ని కూడా పూర్తిగా తప్పుపట్టలేం, ఆయన బల్ల మీద కట్టలు అలా ఉంటాయి.

చట్టం వరస అందరికీ తెలిసిందే. పిలిచినవాళ్లు అడిగేది చీఫ్, ఎదుటివాళ్లు అడిగేది క్రాసు, క్రాసులో పుట్టిన చిక్కు విప్పడానికి రీ-ఎగ్జామినేషను. జవాబును లోపల దాచుకున్న ప్రశ్న చీఫ్‌లో అడగకూడదు, క్రాసులో అడగొచ్చు. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రాసిన సాక్ష్య చట్టం ఈ ఏర్పాటు చేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ నంబర్లు మార్చి దాన్నే ఉంచింది. నూటయాభై ఏళ్లలో మారినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనదాని దగ్గరికి వెళ్లడానికి విజయనగరం దారి పట్టాలి.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో మొదటి కూర్పు, 1909లో రెండో కూర్పు. అందులో లుబ్ధావధాన్లు మీద పడ్డ కేసు ఏమిటి? పెళ్లాన్ని చంపాడని. ఆ పెళ్లాం ఆడపిల్లే కాదు, చీర కట్టుకున్న కుర్రాడు. పుట్టని మనిషి హత్యకి సాక్ష్యాలు తయారవుతాయి, భయపడేవాళ్లు భయపడతారు, బేరాలు నడుస్తాయి. నిజం చెప్పగలిగిన మనిషి మధురవాణి. ఆవిడ సౌజన్యారావు పంతులు ఇంట్లోకి తన వేషంతో పోలేదు. వేశ్యల ముఖం చూడనని ఆయన నియమం. మగవేషం వేసుకుని వెళ్లింది. నాటకం చూసి అందరం ఆ సీనుకి నవ్వుకుంటాం. వకీలుగా చూస్తే నాకు నవ్వు రాదు. కేసు మొత్తం తేల్చగల సాక్షిని, ఆవిడ ఎవరన్న కారణం చేత, నిజాయితీపరుడైన వకీలే గడప తొక్కనివ్వడు.

ఆ మధురవాణిని బోనెక్కించి ఉంటే ఏమడిగేవాళ్లు? నేను చెప్పనక్కర్లేదు. అత్యాచారం కేసుల్లో ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని చూపించి ఆమె మాటను కొట్టిపారేసే వెసులుబాటు సాక్ష్య చట్టంలో బాహాటంగా ఉండేది. దాన్ని 2002 సవరణతో తీసేశారు. స్టీఫెన్ చట్టంలో అది నూట ముప్ఫయి ఏళ్లు బతికింది. అసభ్యమైన ప్రశ్నల్ని, అవమానించడానికే అడిగే ప్రశ్నల్ని ఆపే అధికారం జడ్జికి మొదటినుంచీ ఉంది. ఆపిన జడ్జీల్ని చూశాను, తలవంచుకుని ఫైలు తిరగేసిన జడ్జీల్నీ చూశాను. ఇక్కడా అదే సంగతి: ప్రశ్న రికార్డులో పడదు గనక అడిగినవాడికి సిగ్గుపడే అవసరం రాదు.

సాక్షి మాట ఎంతవరకు చెల్లుతుందో చూడ్డానికి ఇప్పుడు బరంపురం వెళ్దాం. ఇచ్ఛాపురం దాటితే వచ్చేదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురమూ, సోంపేటా, టెక్కలీ, ఈ శ్రీకాకుళమూ అన్నీ గంజాం జిల్లా, పైన మద్రాసు హైకోర్టు. విడిపోయాక బరంపురం అప్పీళ్లు పాట్నాకి పోయేవి. అలా పాట్నాకి, అక్కణ్ణుంచి లండను ప్రివీ కౌన్సిలుకి పోయిన ఒక కేసు లా కాలేజీ పిల్లలందరూ వల్లిస్తారు: పాకాల నారాయణస్వామి కేసు. పిల్లలకది ఒక సైటేషను. అందులో ఉన్న మనుషులు మన తెలుగువాళ్లనీ, ఆ కేసులో రైలు మన ఆమదాలవలస మీంచే వెళ్లిందనీ వాళ్లకి ఎవరూ చెప్పరు.

పిఠాపురం దివానుగారి దగ్గర బంట్రోతుగా పనిచేసిన ఒకతను ఉండేవాడు. దివానుగారి కూతురు 1936లో అతని దగ్గర కొంచెం కొంచెంగా 3,000 రూపాయలు అప్పు తీసుకుంది, వడ్డీ నూటికి ఏడాదికి 18. నారాయణస్వామి ఆమె భర్త. కాపురం బరంపురంలో. 1937 మార్చి 20, శనివారం నాడు బంట్రోతుకి ఒక ఉత్తరం వచ్చింది, బరంపురం రమ్మని. సంతకం లేదు. దాన్ని భార్యకి చూపించి, బాకీ ఇస్తామని దివానుగారి కూతురు రాసింది, వెళ్తున్నానని చెప్పాడు. ఆదివారం రైలెక్కాడు. మంగళవారం పూరీ స్టేషనులో మూడో తరగతి పెట్టెలో ఎవరిదో తెలియని ఇనప ట్రంకు దొరికింది. అందులో అతని శరీరం, ఏడు ముక్కలుగా.

పోయినవాడు చెప్పవలసింది అతని భార్య చెప్పింది. ఆవిడ చూసింది ఏమీ లేదు. మొగుడు చెబితే విన్నది. విన్న మాట సాక్ష్యం కాదన్నది ప్రతి జూనియరూ మొదటి రోజు నేర్చుకునే పాఠం. చెప్పినవాణ్ణి బోనెక్కించలేం, క్రాసు చెయ్యలేం. అప్పటి ఇంగ్లండులో ఐతే చావు ఖాయమని తెలిసినవాడి మాటే చెల్లేది. ఇతను రైలెక్కింది బాకీ వసూలు చేసుకోవడానికి. 1939 జనవరిలో లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పారు: ఆ ప్రయాణం అతని చావుకి దారితీసిన సందర్భంలో భాగం, మన చట్టంలో ఇంగ్లండు షరతు లేదు, కాబట్టి ఆ మాట చెల్లుతుంది. అలా పిఠాపురంలో ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య జరిగిన మాట ఈ దేశపు సాక్ష్య చట్టానికి మూలస్తంభమైంది. ఆ భార్యని క్రాసులో ఏం అడగగలరో ఆలోచించండి. ‘సరిగ్గా విన్నావా, సరిగ్గా గుర్తుందా’ అన్నంతవరకే. అంతకుమించి ఎన్ని అడిగినా ఆవిడ మాట గట్టిపడడమే.

అదే తీర్పులో రెండో ముడి ఉంది. అరెస్టుకి ముందు నారాయణస్వామి పోలీసులతో ఒక మాటన్నాడు: ఆ మనిషి 21వ తేదీ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు, 22 సాయంత్రం వెళ్లిపోయాడు. ప్రాసిక్యూషనుకి ఇంతకంటే ఏం కావాలి? కాని దర్యాప్తులో పోలీసులకి చెప్పిన మాట, చెప్పినవాడు ముద్దాయి అయినా సరే, క్రిమినలు ప్రొసీజరు కోడ్ 162వ సెక్షను కింద సాక్ష్యంగా పనికిరాదని ప్రివీ కౌన్సిలు తోసేసింది. మిగతా సాక్ష్యం చాలని అప్పీలు కొట్టేసింది.

ఈ 162, ఇప్పటి 181, మన రోజువారీ క్రాసుకి గుండెకాయ. పోలీసులు సాక్షిని విచారించి ఒక స్టేట్‌మెంటు రాసుకుంటారు. దాని మీద సాక్షి చేత సంతకం పెట్టించకూడదు. దాన్ని సాక్ష్యంగా వాడకూడదు. డిఫెన్సు వకీలు మాత్రం సాక్షి ఇప్పుడు చెప్పే మాటకీ అప్పటి మాటకీ పొసగలేదని చూపించడానికి వాడుకోవచ్చు. ముద్దాయిని కాపాడ్డానికి పెట్టిన నియమం, మంచి నియమం. అది మన జిల్లాల్లో ఎలా నడుస్తుందో చూడండి. స్టేషనులో రైటరు కూర్చుని సాక్షుల జాబితాలో ఎల్.డబ్ల్యు.1 నుంచి ఎల్.డబ్ల్యు.8 దాకా ఒకే మూసలో రాస్తాడు. ఎనిమిదిమంది ఎనిమిది చోట్ల నిలబడి ఒకే వాక్యంతో ఒకే సంగతి చూస్తారు. రాసింది సాక్షికి వినిపించరు. రెండేళ్లకి సాక్షి బోనెక్కి తన నోటితో తన కథ చెబుతాడు. అప్పుడు వకీలు ఆ కాగితం పట్టుకుని లేస్తాడు: ‘వాడి చేతిలో గునపం ఉందని నువ్వు పోలీసులకి చెప్పలేదు.’ సాక్షి ‘సెప్పినాను’ అంటాడు. నిజంగానే చెప్పి ఉంటాడు. రైటరు రాయలేదు. లేదా పోలీసులు అడగలేదు. తాను రాయని, చదవని, సంతకం పెట్టని కాగితానికి ఆ మనిషి జవాబుదారీ.

రాయకపోవడం చెప్పకపోవడం అవుతుందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావుగారు, 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో. చంబల్ బందిపోటు మాన్‌సింగ్ కొడుకు తహసీల్దార్ సింగ్. ముఠా చంపాలనుకున్నదొకణ్ణి, చంపింది వేరేవాళ్లని. శవాల్ని దొర్లించి మొహాలు చూసుకున్నారని, గ్యాసు లాంతరు ఉందని సాక్షులు కోర్టులో చెప్పారు. ‘ఈ సంగతి పోలీసులకి చెప్పావా?’ అని క్రాసులో అడగబోతే సెషన్స్ జడ్జి ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఆ ప్రశ్నే. మెజారిటీ తీర్పు రాసిన సుబ్బారావుగారి మాట సారాంశం: కాగితంలో లేనిదల్లా వైరుధ్యం కాదు. కాగితంలో ఉన్నదీ ఇప్పుడు చెప్పేదీ రెండూ ఒక్కచోట నిలబడలేనప్పుడే, ఒకటి ఉంటే రెండోది ఉండడానికి వీల్లేనప్పుడే అది వైరుధ్యం. తర్వాత 1973 కోడ్‌లో, ముఖ్యమైన సంగతి వదిలేస్తే అది వైరుధ్యం కావచ్చు, అవునో కాదో ఆ సందర్భాన్ని బట్టి తేల్చాలని వివరణ చేర్చారు. ఆ తేల్చడం మన దగ్గర ఎంత జరుగుతోంది? ‘చెప్పలేదు’ అని సజెషన్ పడుతుంది, ‘చెప్పలేదనడం నిజం కాదు’ అని రికార్డులో పడుతుంది, దర్యాప్తు ఆఫీసరు వచ్చి ‘ఆ సాక్షి నాకలా చెప్పలేదు’ అంటాడు. ఆఫీసరు చెప్పింది నిజం, సాక్షి చెప్పింది అబద్ధం అయినట్టు తీర్పులో ఒక పేరా తయారవుతుంది. ‘మీరు ఆ సంగతి అడిగారా?’ అని ఆఫీసర్ని అడిగిన ప్రాసిక్యూటర్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ దోవలో ఇంకో మలుపు, సాక్షి ఎదురుతిరగడం. హాస్టైల్. పిలిచినవాళ్లే తమ సాక్షిని కోర్టు అనుమతితో క్రాసు చేస్తారు. ఎదురుతిరిగినవాడి సాక్ష్యం మొత్తం చెత్తబుట్టలో వెయ్యక్కర్లేదనీ, నమ్మదగిన ముక్క ఉంటే తీసుకోవచ్చనీ 1975లో సత్పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఏపీపీలు మాత్రం స్టేట్‌మెంటు మొత్తం చదివి వినిపించి, ‘అలా చెప్పలేదనడం’ దగ్గర ముగించి కూర్చుంటారు. ఎందుకు తిరిగాడో తెలుసుకునే ఒక్క ప్రశ్న ఉండదు. సీతంపేట కొండ మీంచి పాలకొండ కోర్టుకి నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ ‘జడ్జిగారు సెలవు’, ‘వకీలుగారు పై కోర్టులో’ అని వినిపించుకుని, కూలి పోగొట్టుకుని, ఇచ్చే బత్తా బస్సు చార్జీకి సరిపోక తిరిగెళ్లినవాడు అయిదోసారి ఏం చెబుతాడు? ఈలోగా ముద్దాయి తాలూకు పెద్దమనుషులు వాళ్లింటికి ఎన్నిసార్లు వెళ్లి ఉంటారు? పంజాబులో ఒక కేసులో సాక్షి చీఫ్‌కీ క్రాసుకీ మధ్య 20 నెలలు గడిచాయని, ఆ సందులో సాక్షిని లొంగదీశారని 2015లో సుప్రీంకోర్టు మండిపడింది. పంజాబు దాకా పోనక్కర్లేదు. సాక్షిని మొదలుపెడితే వాయిదాలు వెయ్యకుండా వరసగా పూర్తిచెయ్యాలని చట్టం ఉద్దేశం.

లేవిడి పేరు ఈ సభలో పెద్దలకి తెలుసు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర దాడి జరిగింది, కోరన్న, మంగన్న చనిపోయారు. 1968లో కోర్టు ముద్దాయిల్ని వదిలేసింది. ఆ ఏడాది నవంబరుకల్లా శ్రీకాకుళ గిరిజన ఉద్యమం ఆయుధం పట్టింది. ఆ తర్వాత చరిత్ర అందరూ రాశారు. ఆ తీర్పు సరైనదా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఒకటి మాత్రం వకీలుగా చెప్పగలను: కొండ మీద అందరికీ తెలిసిన సంగతి కింద కోర్టులో రుజువు కాకపోవడమంటే ఏమిటో ఈ జిల్లాకి తెలిసినంతగా ఇంకే జిల్లాకీ తెలియదు. సవర, కువి మాట్లాడే మనిషిని తెలుగులో అడిగి, ఇంగ్లీషులో రాసి, ‘చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నాడు’ అని అచ్చు వాక్యం వేసి వేలిముద్ర తీసుకుంటున్నాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉండి సవరభాష నేర్చుకున్నారు, 1938కల్లా నిఘంటువు కూడా తెచ్చారు. తొంభై ఏళ్లకి దగ్గరపడింది. పాలకొండ, పార్వతీపురం కోర్టుల్లో సవర సాక్షికి అర్హుడైన దుబాసీ దొరకడం ఇంకా అదృష్టం మీదే ఆధారపడి ఉంది. దీనికి హైకోర్టు తలచుకుంటే ఒక సర్క్యులరు చాలు.

జడ్జిగారు ఏం చెయ్యాలి? ఏ ప్రశ్నైనా, ఏ సమయంలోనైనా, ఎవర్నైనా అడిగే అధికారం ఆయనకుంది. సాక్ష్య చట్టంలో పాత 165, కొత్త 168. తెలుగువాడైన ఓ. చిన్నపరెడ్డిగారు 1981లో రామ్‌చందర్ కేసులో దీని రెండు వైపులూ చూపించారు. జడ్జి ఆట చూసే ప్రేక్షకుడు కాకూడదు, రికార్డు చేసే యంత్రం కాకూడదు. అలాగని సాక్షిని బెదిరించకూడదు. ఆ కేసులో సెషన్స్ జడ్జి మాట మార్చిన సాక్షుల్ని అబద్ధపు సాక్ష్యం కేసు పెడతానని హడలగొట్టాడు. ఆ సాక్ష్యం మీద శిక్ష నిలబడదని సుప్రీంకోర్టు ముద్దాయిని వదిలేసింది. నా మట్టుకు నాకు రెండో ప్రమాదం కంటే మొదటిదే మన దగ్గర ఎక్కువ కనబడుతోంది. కళ్లంలో దీపం ఉందా అని జడ్జిగారు ఒక్క మాట అడిగితే ఇందాకటి కేసులో చీకటి విడిపోయేది.

జూనియర్లకి నా మనవి ఇది. క్రాసు విద్య మీద పుస్తకాలున్నాయి, సీనియర్లున్నారు, అది మీరు నేర్చుకుంటారు. దాని కంటే ముందు మీ తరపు సాక్షి వాంగ్మూలం చదివి వినిపించేటప్పుడు పక్కన నిలబడండి. వినిపించకుండా వేలిముద్ర తీసుకుంటుంటే ఆపండి. ప్రొసీజరు కోడ్‌లో 278, ఇప్పటి సంహితలో 313, మీకా హక్కు ఇచ్చింది. సాక్షి తప్పుందన్నప్పుడు జడ్జిగారు దిద్దాలి, దిద్దకపోతే ఆ అభ్యంతరం కింద రాసుకోవాలి. క్రాసులో ఎదుటివాళ్ల ప్రశ్న మెలిక మీద నిలబడిందని మీకు తోచిన క్షణంలో లేచి, ‘ఈ ఒక్క ప్రశ్న, దాని జవాబు యథాతథంగా రికార్డు చెయ్యండి’ అని కోరండి. మీరే మెలిక ప్రశ్న వేస్తున్నప్పుడు కూడా కోరండి, అది మీకే ఎక్కువ మేలు చేస్తుంది. పిటిషను అక్కర్లేదు, కోర్టు ఫీజు అక్కర్లేదు, నోటితో అడిగితే చాలు. జడ్జిగారు కాదంటే కాదన్న సంగతైనా రికార్డులో పడుతుంది. రేపు పది గంటలకి మీలో చాలామందికి సాక్షులున్నారు. రేపే అడగండి.